పిలిస్తే లేవని నంబరు

రాజంపేట,
10 జూలై 1990

తమ్ముడు పెంచల్‌కు,

నీ ఉత్తరం, ఫోటో అందాయి. చిక్కిపోయావు. వంటవాడివే ఇట్లా చిక్కితే ఆ ఇంట్లో వాళ్ళు ఏం తింటున్నట్టు? మీ బావ మోకాలు నొప్పి అలాగే ఉంది. సైకిలు తొక్కలేక నందలూరు వైపు పల్లెలకు టికెట్లు బస్సులో తీసుకుపోతున్నాడు.

సర్కారు లాటరీ అంతా మోసమని, ఎవరికి రావాలో ముందే అనుకుంటారని నీ గదిలో వాళ్ళు గొడవపడుతున్నారని రాశావు. బస్టాండు దగ్గర ఇన్నేళ్ళుగా అంగడి పెట్టుకున్న నేను ఆ మాట పడతానా? పోయినేడు ఏజెంట్లతో కలిసి హైదరాబాదు పోయి డ్రా కళ్ళారా చూశాను. పెద్ద హాలు. ఎవరైనా పోయి కూర్చోవచ్చు. వేదిక మీద వరసగా చక్రాలు, ఒక్కోదాని మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. ముందు అమ్ముడుపోని టికెట్లు వెనక్కి వచ్చాయో లేదో చూసి, వాటిని చెల్లకుండా చేస్తారు. లేకుంటే డ్రా అయ్యాక ఆ కట్టల్లోంచి గెలిచిన నంబరు ఏరుకునే ఘనులు ఉంటారు. తర్వాత పెద్దమనుషుల చేత చక్రాలు తిప్పించి చూపిస్తారు. అప్పుడు మీట నొక్కుతారు. అన్నీ గిర్రున తిరిగి ఒక్కొక్కటే నిలబడతాయి. ఆ అంకెలు గట్టిగా చదివి, రాసుకుని, సంతకాలు పెడతారు. మరుసటి రోజు పేపర్లో వస్తుంది.

అసలు కిటుకు వేరే చోట ఉంది. పెద్ద బహుమతి ఒక్కరికే. కానీ చివరి అంకె కలిసినా ఎంతో కొంత చేతిలో పడుతుంది. ఆ చిన్న బహుమతులు నేనే ఇచ్చేస్తాను. వాళ్ళు అక్కడే నిలబడి మళ్ళీ టికెట్లు కొంటారు. వసూలైన దాంట్లో కొంత బహుమతులకు, కొంత మా కమీషన్లకు పోతే మిగిలింది సర్కారుది. ఎవరు గెలిచినా సర్కారు ఓడిపోదు. ఇక దానికి మోసం చేయాల్సిన కర్మ ఏముంది?

ఇంకో మాట చెప్పు వాళ్ళకు. పోయిన వారం వచ్చిన నంబరు ఈ వారం రాదని లెక్కలు కట్టేవాళ్ళు మా అంగడి ముందు రోజూ కనపడతారు. చక్రానికి పోయిన వారం సంగతి తెలియదు.

నువ్వు అడిగిన ఎర్రకారం దంచి పెట్టాను. ఎవరైనా అటు వస్తుంటే పంపుతాను.

మీ అక్క,
సంజీవమ్మ


అబ్బాసియా, కువైట్,
22 ఆగస్టు 1990

అక్కా,

బతికే ఉన్నాను. ముందు ఈ మాట బావకు చెప్పు, తర్వాత మిగతాది చదువు.

పోస్టు లేదు. ఈ ఉత్తరం రాయచోటి హుస్సేన్ వలి చేత పంపుతున్నాను. అతను బస్సు డ్రైవరు. మనవాళ్ళను ఇరాక్ మీదుగా జోర్డాన్ దేశంలో అమ్మాన్ దాకా చేరవేసి మళ్ళీ తిరిగి వస్తున్నాడు. నువ్వు రాసేది ఉంటే అమ్మాన్‌లోని భారతీయుల శిబిరానికి అతని పేరు మీద రాయి.

ఇరాక్ సైన్యం వచ్చిన వారంలోనే నా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని, కుటుంబాన్ని కార్లలో ఎక్కించుకుని సౌదీ వైపు వెళ్ళిపోయాడు. తాళాలు నా చేతిలో పెట్టి, "ఇల్లు నీదే, ఖలాస్" అన్నాడు. అంత పెద్ద ఇంట్లో ఒక్కడినే మిగిలాను. ఏదో ఒక గదిలో ఫోన్ మోగేది. ఎత్తితే ఎవరూ మాట్లాడరు. అవతల ఊపిరి మాత్రం వినపడేది. తట్టుకోలేక మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియాకు వచ్చేశాను.

ఊరు ఊరులా లేదు. ఎవరి ఇల్లు ఏదో సైనికులకు తెలియకూడదని ఇక్కడివాళ్ళు వీధుల పేర్లు, ఇండ్ల నంబర్లు పీకేశారు. పలకలు ఉండిన చోట గోడల మీద తెల్లటి మచ్చలు మిగిలాయి. తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నాం.

మనవాళ్ళం ఒక బడిలో తలదాచుకున్నాం. వంట నాది. బస్సు వచ్చిన రోజున జనం ఒకరి మీద ఒకరు పడి, ఒక ఆడమనిషి చేయి విరిగింది. అప్పటినుంచి పెద్దరికం చేస్తున్న రామ్మోహన్ గారు, విజయవాడ ఇంజనీరు, చీట్లు వేద్దామన్నారు. చీట్లంటే వేళ్ళ సందున దాచేస్తారని నాకు భయం. నీ జూలై ఉత్తరం జేబులోనే ఉంది. అందరికీ చదివి వినిపించాను. మూడు డేగిసాలు బోర్లించి ఖాళీ అని చూపించాం. బడిలో పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బంతుల మీద అంకెలు రాసి, ఒక్కో డేగిసాలో సున్నా నుంచి తొమ్మిది దాకా వేశాం. ముగ్గురు మనుషులు, మూడు అంకెలు. ఎవరి నంబరు వస్తే వాళ్ళకు సీటు. ఎవరికీ ఇవ్వని నంబరు వస్తే పక్కన పెట్టి మళ్ళీ తీస్తాం. అందరూ ఒప్పుకున్నారు. నాకూ ఒక నంబరు ఉంది.

నంబర్లు పంచుతుండగా బడి ఆఫీసులో ఫోన్ మోగింది. ఆడ గొంతు, మన యాస.

"అన్నా, నేను వెంకటేశ్వరిని. నందలూరు పక్కన పల్లె మాది. ఇండ్లోళ్ళంతా పాయినారు. బయట తాళమేసినారు. నాకు గూడా ఒక సీటు రాయన్నా."

"యాడున్నావమ్మా?"

"కబ్ద్ అంటారు. ఒంటెల కొట్టం ఉండాది, పచ్చ ట్యాంకు ఉండాది. ఇంగేం తెలీదు."

ఈ బడి నంబరు ఎవరిచ్చారని అడిగేలోపే లైను తెగిపోయింది. ఆమె పేరు మీద నూట తొంభై ఆరు ఇచ్చాను. కబ్ద్ అంటే ఎడారిలో తోటలు, పశువుల కొట్టాలు ఉండే చోటు. అక్కడ పచ్చ ట్యాంకులు ఎన్ని ఉంటాయో!

నువ్వు దిగులు పడవద్దు.

నీ తమ్ముడు,
పెంచల్


రాజంపేట,
4 సెప్టెంబరు 1990

పెంచల్,

నీ ఉత్తరం బొంబాయి ముద్రతో నిన్న అందింది. నీ చేతిరాత చూసి మీ బావ అంగడి మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడటం ఇదే మొదలు.

డ్రా పద్ధతి బాగుంది. అయితే ఆరు, తొమ్మిది కింద గీత గీశావా? బంతి తలకిందులైతే ఒకటి ఇంకొకటి అవుతుంది. బంతులన్నీ ఒకే బరువు ఉండాలి. సొట్టపోయినదీ, తడిసినదీ అడుగున ఉండిపోతుంది. తీసేవాడు చూడకూడదు, చదివేవాడు తీయకూడదు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం అంగడి ముందే, నలుగురూ వినేటట్టు చదివాను. వెంకటేశ్వరి పేరు వచ్చేసరికి మీ బావ నా చేయి పట్టుకుని ఆపాడు. ఆ పల్లెకు టికెట్లు తీసుకుపోయేది ఆయనే.

"ఆ పాప జూన్లోనే సచ్చిపాయె గదమ్మే. దినాలనాడు నేనాడ్నే ఉంటి" అన్నాడు.

నేను నమ్మలేదు. మరుసటి పూటే బస్సెక్కి వాళ్ళమ్మ పాపాయమ్మ ఇంటికి పోయాను. గోడకు ఆ పాప ఫోటో, దానికి దండ, కుంకుమ. జ్వరం వచ్చి ఆస్పత్రిలో పోయిందని, అక్కడే మట్టి చేశారని పంపిన ఏజెంటే వచ్చి చెప్పాడట. శవం రాలేదు. నేను నీ ఉత్తరంలోని మాటలు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె లేచి ఫోటో మీది దండ సరిచేసింది. తర్వాత, "గొంతు ఎట్లుండాదని రాసినాడా మీ తమ్ముడు? బొంగురుగా ఉండాదంటనా?" అని అడిగింది.

నీకు ఫోన్ చేసింది ఎవరో నాకు తెలియదు. చచ్చిన పిల్ల పేరు చెప్పి ఎవరో సీటు కొట్టేయాలని చూస్తున్నారు. ఆ నంబరు తీసేయి.

సంజీవమ్మ


అబ్బాసియా,
10 సెప్టెంబరు 1990

అక్కా,

నీ దగ్గర్నుంచి ఇంకా ఏమీ రాలేదు. నా ఉత్తరం చేరిందో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను, నీకు కాక ఇంకెవరికి చెప్పను? ఇంకో శిబిరం బస్సులో పోయేవాళ్ళ చేత పంపుతున్నాను.

ఇప్పటికి మూడు బస్సులకు డ్రా తీశాం. మొదటి బస్సుకు మొట్టమొదట పడిన నంబరు నూట తొంభై ఆరు. పిలిచాం. ఎవరూ లేవలేదు. కబ్ద్ నుంచి ఫోన్ చేసిన అమ్మాయిదని నాకు గుర్తే. పక్కన పెట్టి ముందుకు పోయాం. ఆమె ప్రయాణం చేయలేదు కాబట్టి నంబరు అలాగే ఉంచాం.

రెండో బస్సుకు వేరే ముగ్గురు తీశారు. మొదటి నంబరు మళ్ళీ అదే. జనం గుసగుసలాడారు. నేను బంతులన్నీ బయట పోసి చూశాను. ఒకటే బరువు. ఆరు కింద, తొమ్మిది కింద గీతలు ఉన్నాయి. మూడోసారి రామ్మోహన్ గారే కళ్ళకు తుండుగుడ్డ కట్టుకుని మూడు డేగిసాల్లోనూ చేయి పెట్టారు. ఒకటి. తొమ్మిది. ఆరు పైకి రాగానే గదిలో చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేశారు.

"ఆ నంబరు తీసెయ్యవయ్యా పెంచల్. జనం బెదిరిపోతున్నారు" అన్నారు రామ్మోహన్ గారు, గంత ఇంకా విప్పకుండానే.

"తీసేస్తే ఆయమ్మికి ఈ దేశంలో ఇంగేం మిగల్దు సార్. ఆ నంబరొకటే ఉండేది" అన్నాను.

"ఉందని నీకేం తెలుసు? ఒక్కసారి ఫోన్ చేసింది. అంతేగా."

ఆయన అన్నదీ నిజమే. ఫోన్ మళ్ళీ మోగలేదు. కానీ సీటు వచ్చినవాళ్ళు మూటలు పట్టుకుని నిలబడి, "ఆయమ్మి ఎక్కని బస్సు మేము ఎక్కం" అంటున్నారు. ఆమె చనిపోయి ఉంటుందని, ఆ సీట్లో కూర్చున్నవాళ్ళను తోడు తీసుకుపోతుందని ఒక ముసలామె అంది. ఆ మాట అందరికీ పాకింది. మూడో బస్సు నిండుగా ఉండాల్సింది, ఖాళీగా నిలబడి ఉంది.

హుస్సేన్ వలి ఇంతకుముందు కబ్ద్‌కు గడ్డి లారీ తోలేవాడు. "పచ్చ ట్యాంకు నేను సూసినా. దావ గుర్తుండాది. పోదాం పా" అన్నాడు. చెక్‌పోస్టులు దాటనిస్తే పోతాం.

నువ్వైతే ఏం చేసేదానివి?

పెంచల్


రాజంపేట,
18 సెప్టెంబరు 1990

పెంచల్,

పోవద్దు. ఈ ఉత్తరం నీకు అందేసరికి పోయి ఉంటావేమో. అయినా రాస్తున్నాను, పోవద్దు. నా పాత ఉత్తరం అందే ఉంటే ఆ పిల్ల లేదని నీకు తెలిసే ఉండాలి. సైనికులే ఆడవాళ్ళ చేత ఫోన్ చేయించి మగవాళ్ళను ఎడారికి రప్పిస్తున్నారేమో! నాకు అన్ని విధాలా అనిపిస్తోంది.

మీ మూడు డ్రాల సంగతి ఇక్కడ దాచడం నా వల్ల కాలేదు. మీ బావ ఎవరికో చెప్పాడు. సాయంత్రానికల్లా నూట తొంభై ఆరుతో ముగిసే టికెట్లు కావాలని జనం అంగడి మీద పడ్డారు. నా దగ్గర ఉన్నవి కొన్నే. కడపకు మనుషులను పంపి తెప్పించుకున్నారు. నీ భయం వీళ్ళకు జాతకం అయింది, చూడు. డ్రాలో ఆ అంకెల్లో ఒక్కటీ తగల్లేదు. చక్రానికి మీ బడి సంగతి తెలియదని చెబితే వింటారా? ఇప్పుడు నన్నే తిడుతున్నారు.

పాపాయమ్మ మాత్రం టికెట్ కొనలేదు. రోజూ వచ్చి అంగడి పక్కన కూర్చుంటోంది. టికెట్లు ఓడిపోయాయని అందరూ మూలుగుతుంటే, "దానికి ఈడేం పని? అది ఆడ పిలుచ్చాంది" అంది. కానీ నువ్వు ఇటువంటివి వినవద్దు. నీ నంబరు వచ్చిన వెంటనే బస్సెక్కు.

అక్క


అబ్బాసియా,
20 సెప్టెంబరు 1990

అక్కా,

వెంకటేశ్వరి దొరికింది.

చెక్‌పోస్టుల వల్ల వారం దాకా కదలలేకపోయాం. మొన్న బయల్దేరాం. కబ్ద్‌లో మనుషులు లేరు. గేట్లు గాలికి కొట్టుకుంటున్నాయి. ఎవరివో ఒంటెలు రోడ్డు మధ్య నిలబడి మమ్మల్ని చూస్తున్నాయి, హారన్ కొట్టినా కదలవు. పచ్చ ట్యాంకు దూరం నుంచే కనపడింది. దగ్గరికి పోయి బండి ఆపితే లోపల నుంచి మాటలు. ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు అడుగుతున్నారు, ఇంకొకరు బదులు చెబుతున్నారు.

"ఈపొద్దు ఏం జేచ్చామే?"

"ఉర్లగడ్డలు ఐపాయె. రొట్టె జేచ్చాం లే."

"ఇద్దరుండారే! ఒక సీటే గదా రాసింది" అన్నాడు హుస్సేన్ వలి.

నేను తలుపు తట్టాను. రెండు గొంతులూ ఒక్కసారే ఆగిపోయాయి.

గొలుసు విరగ్గొట్టి లోపలికి పోయాం. వంటింట్లో ఒక్కతే ఉంది. నేల మీద రెండు పళ్ళేలు, రెండింట్లోనూ రొట్టె ముక్కలు. ఇల్లంతా వెతికాం, ఇంకెవరూ లేరు. ఆమె మమ్మల్ని చూసి అరవలేదు. "వచ్చినారా? మీరు వస్తారని జమీలా సెప్తానే ఉండాది" అంది.

ఏమీ అడగకుండా బండి ఎక్కించుకుని బడికి తెచ్చాం. పొద్దున ఆమె నాతోపాటు వంట దగ్గర కూర్చుని పిండి పిసుకుతోంది. అప్పుడే హుస్సేన్ వలి తన సామాన్లు దులిపి, అమ్మాన్ నుంచి ఇంకో డ్రైవరు తెచ్చి ఇస్తే తాను మరిచిపోయిన నీ నాలుగో తారీఖు ఉత్తరం ఇచ్చాడు. ఆమె ఎదురుగానే చదివాను. దినాలనాడు బావ అక్కడే ఉన్నాడన్న చోట నా కళ్ళు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే పిండి పిసకడం ఆపి నన్నే చూస్తోంది.

"ఏమన్నా, ఊరి నుంచా?"

అక్కా, నువ్వు నవ్వినా సరే, ముందు ఆమె నీడ చూశాను. గోడ మీద ఉంది. తర్వాత అడిగాను, జమీలా ఎవరని.

ఇద్దరూ ఆ ఇంట్లోనే పనిచేసేవాళ్ళట. జమీలా బీది రాయచోటి. ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, ఈ పేర్లు పలకవు. ఇద్దరినీ "మరియం" అనే పిలిచేది. జూన్‌లో జమీలాకు జ్వరం ముదిరితే కఫీల్ కారులో తీసుకుపోయాడు. సాయంత్రం ఒక్కడే తిరిగి వచ్చాడు.

"నా మొగం సూసే అన్యాడన్నా, మరియం మాతత్ అని. సచ్చిపాయినాదని. నేను ఎదురుగా నిలబడుండా గదా, నా గురించే అంటాండాడేమో అనుకుంటి" అంది.

ఇద్దరి పాస్‌పోర్టులూ ఆయన దగ్గరే ఉండేవి. చేతికి వచ్చిన ఈమె పాస్‌పోర్టే ఆస్పత్రిలో ఇచ్చి ఉంటాడు, చావు ఈమె పేరు మీద రాసి ఉంటారు. వెంకటేశ్వరికి చదువు రాదు. ఇంటికి ఉత్తరాలు రాసిపెట్టేది జమీలాయే. ఆ పిల్ల పోయాక రాసేవాళ్ళు లేరు. బయట తాళం వేసి అందరూ పారిపోయాక మాట మరిచిపోతానేమోనని భయపడి, జమీలా గొంతుతో కూడా తనే మాట్లాడుకునేది. కొన్నాళ్ళకు ఏ మాట ఎవరిదో తనకే తెలియకుండా పోయిందట. "ఒకోసారి నేను అనుకోని మాట వచ్చేదన్నా" అంది.

రేపు ఆమెను బస్సు ఎక్కిస్తున్నాం. జనం ఆమె ఎక్కాకే ఎక్కుతారట. నీ దగ్గరికి పంపుతున్నాను. పాపాయమ్మకు ముందే చెప్పి పెట్టు, ఒక్కసారిగా చూస్తే గుండె ఆగిపోతుంది.

పెంచల్


రాజంపేట,
2 అక్టోబరు 1990

పెంచల్,

నీ ఉత్తరం ఆ పిల్లతోనే వచ్చింది. ఎవరికీ చెప్పి పెట్టే వీలు లేకపోయింది. మిట్టమధ్యాహ్నం అంగడి ముందు నిలబడి, "సంజీవమ్మక్కవా? పెంచలన్న పంపినాడు" అని, తన పేరు చెప్పింది. నీ ఉత్తరం ఆమె చేతిలోనే ఉంది. చదవకముందే నా చేతిలోని టికెట్లు కింద పడ్డాయి.

పాపాయమ్మ ఆ రోజు కూడా అంగడి పక్కనే ఉంది. లేచింది. దగ్గరికి పోలేదు. కూతురి పాదాల వైపు చూసింది, మడమలు వెనక్కి ఉన్నాయా ముందుకు ఉన్నాయా అని. "అమ్మా, నేనేమ్మా" అని ఆ పిల్ల అడుగు వేస్తే ఈమె అడుగు వెనక్కి వేసింది. ఆ పిల్ల దగ్గింది. ఆ దగ్గు వినగానే పాపాయమ్మ గట్టుమీద పడి ఏడ్చింది. నేను వాళ్ళతో ఊరికి పోయాను. పల్లె అంతా వాకిళ్ళలోకి వచ్చి నిలబడింది గానీ ఒక్కరూ పలకరించలేదు. ఇంట్లోకి పోయి ఆ పిల్ల గోడ మీద తన ఫోటోను చాలాసేపు చూసింది. తర్వాత స్టూలు ఎక్కి తన దండ తానే తీసేసింది.

ఇల్లు కుదుటపడకముందే నా చెవిలో, "జమీలా వాళ్ళమ్మకు ఎవరు సెప్తారక్కా?" అంది. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఒక ఇంట్లో దండ దిగిందంటే ఇంకో ఇంట్లో ఎక్కాలి.

నిన్న ఇద్దరం రాయచోటికి పోయాం. జమీలా తల్లి రజియా బీ మమ్మల్ని చూసి మురిసిపోయింది. కువైట్ నుంచి కూతురి స్నేహితురాలు వచ్చిందని కుర్చీ తుడిచి వేసింది, టీ పెట్టింది. "వాళ్ళు పోరు జేసుకుంటాండారు గదా, నా బిడ్డ ఏ బస్సులో వచ్చాదో" అంది. వెంకటేశ్వరి టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. తాగదు, కింద పెట్టదు. చెప్పింది నేనే. ఎట్లా చెప్పానో నాకు గుర్తులేదు.

రజియా బీ ఏడవలేదు. "యాడ పూడ్చినారు? ఎవురన్నా సదివినారా?" అని మాత్రం అడిగింది. వెంకటేశ్వరి పేరు మీద పూడ్చి ఉంటే హిందువులను పూడ్చే చోట ఉంటుంది. జమీలా మతం మాటలు ఆ మట్టి మీద ఎవరూ చదివి ఉండరు. అది ఆమెకు మేం చెప్పకుండానే అర్థమైంది. మేం లేచి వస్తుంటే వెంకటేశ్వరి చేయి పట్టుకుని వదల్లేదు. "దాని మాదిరి మాట్లాడతావంట గదా. ఒక్కసారి మాట్లాడు" అంది.

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "ఈడికొచ్చినాక రావడంలేదు పెద్దమ్మా" అంది.

నువ్వు వచ్చే ముందు ఆ సమాధి చూసి రాగలవా? నిన్ను ఇంకో రోజు అక్కడ ఉండమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను.

అక్క


అమ్మాన్, గుడారాల శిబిరం,
17 అక్టోబరు 1990

అక్కా,

గట్టెక్కాను. నా నంబరు డ్రాలో రానేలేదు. చివరికి మనుషుల కంటే సీట్లే ఎక్కువయ్యాయి. రామ్మోహన్ గారు డేగిసాలు బోర్లించి, "ఇక పిలవాల్సిన పనిలేదు, ఎక్కండి" అన్నారు. రేపు మాకు విమానం అంటున్నారు.

నీ ఉత్తరం బయల్దేరే ముందు రోజు అందింది. హుస్సేన్ వలికి చదివి వినిపించాను. మా ఊరి బిడ్డ గదా అని ఒక్క మాట అని, బండి తాళాలు తీసుకున్నాడు.

ముస్లింలు కానివాళ్ళను పూడ్చే చోటు ఊరి బయట ఉంది. కాపలావాడు పారిపోయాడు. గేటు తెరిచే ఉంది. జూన్ నుంచి పూడ్చినవి వరసగా ఉన్నాయి, కానీ వాటికి రాళ్ళు వేసే తీరిక ఎవరికీ దొరకలేదు. గాలికి ఇసుక పరుచుకుని గుట్టలన్నీ ఒకటే ఎత్తు అయిపోయాయి. ఏది ఎవరిదో చెప్పేవాళ్ళు లేరు. నేను ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. ఒక్కో దాని దగ్గర నిలబడి జమీలా అని పిలిచాను. ఎందుకు పిలిచానో నన్ను అడగవద్దు.

హుస్సేన్ వలి సీసాలో తెచ్చుకున్న నీళ్ళతో చేతులు, ముఖం కడుక్కున్నాడు. వరసకు ఒక చివర నిలబడి ఫాతిహా ప్రార్థన మొదలుపెట్టాడు. ఒక గుట్ట దగ్గర చదివి, పక్కదాని దగ్గరికి జరిగి మళ్ళీ చదివాడు. ఏ గుట్టనూ వదల్లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చినా వరస చివరిదాకా పోయాడు. గొంతు పూర్తిగా పోయింది.

తిరిగి వస్తూ అడిగాను, రజియా బీకి ఏమని చెప్పాలని. దొరికిందని చెబితే అబద్ధం, దొరకలేదంటే ఆమె ఎట్లా తట్టుకుంటుంది?

"అందరికీ సదివినా గదన్నా. ఆ పాప వాళ్ళల్లోనే ఉండాది. అదే సెప్పు" అన్నాడు.

అందుకని నువ్వు కూడా అదే చెప్పు. నేను వచ్చాక రాయచోటికి ఇద్దరం కలిసి పోదాం.

నీ తమ్ముడు,
పెంచల్